పాటకి ముందే ధర తేలిపోతుంది: పొలం వేలం ప్రకటనలు ఎలా చదవాలి, ఎలా రాయాలి

పేపర్లో అరచెయ్యంత జాగాలో పొలం వేలం ప్రకటన పడుతుంది. నమూనాకి ఒకటి: "సర్వే నం. 214లో ఎ.2-35 విస్తీర్ణం గల భూమి. తూర్పు: ఇతరుల భూమి. పడమర: ఇతరుల భూమి. ఉత్తరం: పుంత. దక్షిణం: అదే సర్వే నంబరులో మిగిలిన భూమి. ఉన్నది ఉన్నట్టు, ఎక్కడున్నది అక్కడే ప్రాతిపదికన అమ్మబడును." కింద రిజర్వ్ ధర (పాట మొదలయ్యే కనీస ధర), ధరావత్తు (పాటలో పాల్గొనడానికి ముందు కట్టే సొమ్ము), తేదీ, ఒక ఫోన్ నంబరు. అంతే.

మొదటి అంకె దగ్గరే ఆగాలి. ఎ.2-35 అంటే ఎంత? తెలంగాణలో చదివేవాళ్ళకి అది రెండెకరాల ముప్పై అయిదు గుంటలు. ఎకరానికి 40 గుంటలు కనుక 2.875 ఎకరాలు. కోస్తాలో, సీమలో చదివేవాళ్ళకి అది రెండెకరాల ముప్పై అయిదు సెంట్లు, అంటే 2.35 ఎకరాలు. తేడా యాభై రెండున్నర సెంట్లు. గుంటలో, సెంట్లో రాయకుండా వదిలేసిన ఒక్క మాటకి అర ఎకరం పైచిలుకు ఊగుతోంది. ప్రకటన తయారు చేసేది ఎక్కడో దూరపు రికవరీ విభాగం అయినప్పుడు ఈ పొరపాటు పడటం చాలా తేలిక. పాసుపుస్తకం దగ్గర పెట్టుకుని సరిచూసే దాకా ఆ అంకెని నమ్మకూడదు.

పొలానికి తక్కువ ధర పలికితే పాటదారులు కుమ్మక్కయ్యారంటారు, భూముల రేట్లు పడిపోయాయంటారు. రెండూ జరుగుతాయి. కానీ ఎక్కువసార్లు ధర అంతకు నెల ముందే, ప్రకటన రాసిన రోజే పడిపోతుంది. అందులో పొలం గురించి ఏం రాయలేదు, పొలాన్ని ఎంత ముక్కగా పాటకి పెట్టారు అన్న రెండు సంగతులే దానికి మూలం. అవి సరిగ్గా ఉంటే గట్టు అవతలి రైతు పాడగలడు. ఆ నేల ఎంత పండుతుందో, ఏ వేసవికి బోరు ఎండుతుందో అతనికే బాగా తెలుసు. సరిగ్గా లేకపోతే అతను రాడు. చేతిలో నగదూ ఓపికా లాయరూ ఉన్నవాడు వస్తాడు, ఆ మూడింటి ఖర్చునీ ముందే ధరలోంచి కోసుకుని పాడతాడు. ఆ కోత పడేది అప్పులో ఉన్న రైతు మీదే.

ప్రకటన కింద ఎవరి సంతకం ఉందో ముందు చూడాలి. 'ఆథరైజ్డ్ ఆఫీసర్' అని ఉంటే అది 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు నేరుగా పెట్టిన వేలం. 'రికవరీ ఆఫీసర్' అని ఉంటే డెట్ రికవరీ ట్రిబ్యునల్ నుంచి వచ్చింది; 20 లక్షల రూపాయలు, ఆపైన ఉన్న బాకీలు అక్కడికి వెళ్తాయి. కోర్టు పేరుతో ఉంటే డిక్రీ అమలు కోసం వేసిన ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్). తహసీల్దారు పేరున ఉంటే 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం. సహకార సంఘం సేల్ ఆఫీసర్ పేరున ఉంటే సొసైటీ బాకీ. పొలం అదే అయినా డబ్బు కట్టే గడువు, వేలం రద్దయ్యే దారులు, రైతు విడిపించుకునే అవకాశం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఈ తేడా తెలియకుండా ధరావత్తు కట్టకూడదు.

వీటిలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది సర్ఫేసీ దగ్గర. ఆ చట్టంలోని 31వ సెక్షన్, ఐ క్లాజు ప్రకారం వ్యవసాయ భూమి మీద తాకట్టు హక్కుని ఈ చట్టం కింద అమలు చేయకూడదు. మరి బ్యాంకుల ప్రకటనల్లో 'వ్యవసాయ భూమి' అన్న మాట ఎలా కనిపిస్తోంది? రైసు మిల్లుకో, కోళ్ళ షెడ్లకో, గోడౌనుకో ఇచ్చిన అప్పుకి పొలాన్ని తాకట్టు పెట్టుకున్నప్పుడు బ్యాంకు, "ఇది పేరుకే వ్యవసాయ భూమి, వాడకం వేరు" అంటుంది. రైతు అడంగల్ (సాగు వివరాల రికార్డు, తెలంగాణలో పహాణీ) తెచ్చి, "ఇది సాగు భూమి" అంటాడు. దీని మీద సుప్రీంకోర్టు 2018లో ఒక తమిళనాడు కేసులో ఒక మాట తేల్చింది: రికార్డులో రాసినదాన్ని బట్టి మాత్రమే కుదరదు, నేల నిజంగా దేనికి వాడుతున్నారన్నది సాక్ష్యంతో తేలాలి. 2023 జనవరిలో తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్ళిన కేసులోనూ అదే దారి పట్టింది. పహాణీలో వ్యవసాయ భూమి అని ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదని, నిజంగా సాగవుతోందని అప్పు తీసుకున్నవాళ్ళే రుజువు చేసుకోవాలని చెప్పింది.

కొనేవాడికి దీనర్థం ఒక్కటే. సర్ఫేసీ ప్రకటనలో ఉన్న పొలాన్ని చూడటానికి వెళ్ళి అక్కడ నిలువెత్తు పత్తో, పాలుపోసుకుంటున్న వరో కనిపిస్తే సంతోషించాల్సిన పని లేదు. ఆ పైరే రేపు ట్రిబ్యునల్లో సాక్ష్యం. స్వాధీనం చర్య మీద 45 రోజుల్లోగా 17వ సెక్షన్ కింద అప్పీలు వేసుకోవచ్చు. అది తేలేదాకా కొన్నవాడి డబ్బు బ్యాంకులో, పొలం రైతు చేతిలో. తాకట్టు తీసుకున్న నాటికి ఆ నేల దేనికి వాడేవారు, 'నాలా' మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, జరిగిందా, షెడ్లూ పునాదులూ ఎన్ని సెంట్లలో ఉన్నాయి అని బ్యాంకుని రాతపూర్వకంగా అడగాలి. నోటితో చెప్పిన జవాబు జవాబు కాదు.

ప్రకటనలో రాయనివాటిలో మొదటిది స్వాధీనం. 'సింబాలిక్ పొజెషన్' అని ఉంటే గేటుకో చెట్టుకో నోటీసు అంటించి వచ్చారని అర్థం. దున్నుతున్నది మాత్రం పాత రైతో అతని కౌలుదారో. కలెక్టరు ద్వారా 14వ సెక్షన్ కింద భౌతిక స్వాధీనం తీసుకుని అమ్మితే ధర వేరు, అలా కాకుండా అమ్మితే వేరు. కోర్టు వేలంలో ఆమీన్ (కోర్టు ఉద్యోగి) వచ్చి పొలం అప్పగిస్తాడు, కానీ దానికి కొన్నవాడు దరఖాస్తు పెట్టుకోవాలి. వేలం ఖరారైన నాటి నుంచి ఏడాది లోపు పెట్టకపోతే ఆ దారి మూసుకుపోతుంది. సేల్ సర్టిఫికెట్ బీరువాలో దాచుకుని తాపీగా ఉన్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

రెండోది కౌలు. ప్రకటనల్లో కౌలుదారు ఊసే ఉండదు. పొలం దగ్గరికి వెళ్ళి ఎవరు సాగు చేస్తున్నారో, ఏ పంట కోత దాకా మాట్లాడుకున్నారో అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఉంటే ఒప్పందం 11 నెలలది. భూమి హక్కుకి దానితో సంబంధం లేదు. తెలంగాణలో 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారు పేరు పాత రికార్డుల్లో ఉంటే సంగతి పూర్తిగా వేరు, అది యాజమాన్యం దాకా పోతుంది. అందుకే అక్కడ 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్ళి చూడమంటారు. నిలిచి ఉన్న పంట ఎవరిదన్నది పాటకి ముందే తేలాలి. లేకపోతే కోత రోజున గట్టు మీద గొడవ ఖాయం.

మూడోది నీళ్ళు. 'బోరు కలదు' అని రాస్తారు. అది ఏ సర్వే నంబరులో ఉంది? అన్నదమ్ములు పంచుకున్న పొలాల్లో బోరు ఒకరి ముక్కలో, పైపు ఇంకొకరి ముక్కలో ఉండటం మామూలే. కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంది, బకాయి ఎంత, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లున్నాయి, ఇవన్నీ అడగాలి. పాత బావి అయితే వంతు ఎన్ని రోజులకొకసారో కనుక్కోవాలి. కొత్త బోరు వేసుకుందాంలే అనుకుంటే, నీరు, భూమి, చెట్ల రక్షణకి వచ్చిన వాల్టా చట్టం ప్రకారం తాగునీటి ప్రజా వనరుకి 250 మీటర్ల లోపు కుదరదు. కాలువ కింద పొలమైతే తూముకి ఎంత దూరమో చూడాలి. చివరి ఆయకట్టులో కాగితం మీద మాగాణి, నేల మీద మెట్ట అయినవి చాలా ఉన్నాయి.

నాలుగోది బాట. ఎడ్లబండి పోయే డొంక వేరు, వరికోత మిషను తిరిగే బాట వేరు. చుట్టూ పరాయి పొలాలే ఉంటే ఎవరి గట్టు మీంచి పోవాలో తేలాలి. ఇరవయ్యేళ్ళు నిరాటంకంగా వాడిన బాట మీద హక్కు ఏర్పడుతుంది కానీ దాన్ని రుజువు చేసుకోవాల్సింది కొత్తగా వచ్చినవాడే. ఊరివాళ్ళు పాతవాడికి ఇచ్చిన బాట కొత్తవాడికి ఇస్తారని నమ్మకం లేదు.

హద్దులు చూడటానికి సర్వే కొలతల పటం, అంటే ఆంధ్రలో ఎఫ్ఎంబీ, తెలంగాణలో టిప్పన్, నకలు తీసుకుని పొలం మీదికి వెళ్ళాలి. సర్కారు సర్వేయరుకి దరఖాస్తు పెట్టేది పట్టాదారు కనుక పాటకి ముందు కొనబోయేవాడి పేరున ఆ పని జరగదు. గొలుసో ఫోన్లో జీపీఎస్సో పట్టుకుని రాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవాలి. నమూనా ప్రకటనలో దక్షిణం హద్దు 'అదే సర్వే నంబరులో మిగిలిన భూమి' అని ఉంది కదా, అంటే సబ్‌డివిజన్ కాలేదేమో. కాకపోతే కొన్నది ఫలానా చోటని చూపించడానికే ఏళ్ళు పట్టొచ్చు.

ఇక భూమి జాతి. డీకేటీ పట్టా, తెలంగాణలో లావణి పట్టా, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం అడ్డొస్తుంది. బ్యాంకులకీ సహకార సంఘాలకీ తాకట్టు విషయంలో మినహాయింపు ఉంది కానీ, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉంటే సబ్‌రిజిస్ట్రారు దగ్గర బండి ఆగుతుంది. చెరువు శిఖం, దేవాదాయ మాన్యం, ఇనాం, ఆంధ్రలో చుక్కల భూమి (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నది), దేనికి దానికి విడివిడిగా చూసుకోవాలి. ఏజెన్సీలో అయితే గిరిజన ప్రాంత భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు కొనడానికే లేదు, వేలం పేరు చెప్పి దాన్ని దాటలేరు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కనీసం 30 ఏళ్ళకి తీయాలి. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, అన్నదమ్ముల మధ్య నడుస్తున్న పంపకం దావాలు కనిపించవు. వాటి సంగతి ఊళ్ళో అడిగితేనే తెలుస్తుంది.

ఇంత పని పాటదారు ఎందుకు చేయాలి? అమ్మేవాళ్ళ దగ్గర వాల్యుయేషన్ రిపోర్టు ఉంది, లాయరు ఇచ్చిన లీగల్ ఒపీనియన్ ఉంది, ఫొటోలున్నాయి. అందులో సగం ప్రకటనలో పెడితే పదిమంది పాటదారులు పదిసార్లు తిరగక్కర్లేదు. 'ఉన్నది ఉన్నట్టు' అన్న మాటకి, తెలిసింది చెప్పనక్కర్లేదని అర్థం తీసుకోవడం అన్యాయం. తెలిసిన లోపం ప్రకటనలో రాస్తే ధర ఆ లోపం మేరకే తగ్గుతుంది. రాయకపోతే, ఉండొచ్చని భయపడే లోపాలన్నిటి మేరకూ తగ్గుతుంది.

ఇప్పుడు ముక్కల సంగతి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

లెక్కకి ఒక ఉదాహరణ. బాకీ 40 లక్షలు. పొలం 12 ఎకరాలు, చుట్టుపక్కల ఎకరం 10 లక్షలు అనుకుందాం. మొత్తం ఒకే లాటుగా పెడితే కోటీ 20 లక్షలున్నవాడే పాడాలి. ఊళ్ళో అంత నగదు పోగేయగలవాళ్ళు ఎందరుంటారు? ఇద్దరో ముగ్గురో వస్తారు, వాళ్ళు ఒకరినొకరు ఎరిగినవాళ్ళే అయితే రిజర్వ్ ధర మీద ఒక్క మెట్టు ఎక్కి ఆగుతారు. అదే పొలాన్ని మూడేసి ఎకరాల నాలుగు లాట్లు చేస్తే ఒక్కోటి 30 లక్షలు. గట్టు పక్క రైతులు, కొలువు చేసుకుంటూ ఊళ్ళో కాస్త నేల కావాలనుకునేవాళ్ళు, అందరూ పాటకి వస్తారు. రెండు లాట్లు అమ్ముడుపోయేసరికి బాకీ తీరుతుంది. ఆరెకరాలు రైతుకి మిగులుతాయి.

కోర్టు వేలాలకి సంబంధించినంత వరకు ఇది చట్టమే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 64 ప్రకారం డిక్రీ తీరడానికి ఎంత అవసరమో అంతే అమ్మాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, రెండున్నర వేలు కూడా లేని డిక్రీ బాకీకి పదెకరాల పొలాన్ని ఒకే లాటుగా 17 వేలకి వేలం వేశారు. 1989లో సుప్రీంకోర్టు ఆ వేలాన్ని కొట్టేసింది. కొంత భాగం అమ్మితే సరిపోతుందా అని చూడటం కోర్టు బాధ్యతే తప్ప దయ కాదని ఆ తీర్పు సారం. రూల్ 69 ఇంకో మెట్టు: లాటు పాట ముగిసేలోపు బాకీ, ఖర్చులూ తెచ్చి పెడితే వేలం ఆపేయాలి. అయినా దండోరా వేసేటప్పుడు షెడ్యూలు మొత్తం ఒకే లాటుగా దిగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఈపీలో అలా టైపు చేసి ఉంటుంది, అడిగేవాళ్ళు ఉండరు. రూల్ 66 కింద ప్రకటన షరతులు ఖరారు చేసేటప్పుడే డిక్రీ బాకీదారు తరఫు లాయరు లాట్లు అడగాలి. పాట అయ్యాక అడిగితే ఎందుకు ముందే అడగలేదంటారు.

లాట్లు చేయడంలోనూ తప్పులు జరుగుతాయి. బావి ఉన్న ముక్కని ముందు అమ్మేస్తే మిగతాది మెట్టయిపోతుంది. రోడ్డు పక్క ముక్క ముందు పోతే వెనకదానికి బాట పోతుంది. ఒకే యజమాని నేలని విడగొట్టినప్పుడు, వేరే దారి బొత్తిగా లేకపోతే మిగిలినదాంట్లోంచి దారి హక్కు ఈజ్‌మెంట్ చట్టం ఇస్తుంది. కానీ దాని కోసం దావా వేయడం కన్నా లాటు ప్లానులోనే 12 అడుగుల బాట గీసి, ఎన్ని సెంట్లు పోయిందో రాసి, నీటి వంతు ఎన్ని రోజులో రాసి పెట్టడం నయం. సబ్‌డివిజన్ గీతల వెంబడే లాట్లు చేస్తే రిజిస్ట్రేషన్లో, మ్యుటేషన్లో తలనొప్పి తగ్గుతుంది.

డబ్బు గడువు కూడా ఇలాగే చిన్నవాణ్ణి దూరం పెడుతుంది. సర్ఫేసీలో పాట ముగిసిన రోజే, మించితే మర్నాటి పనిదినానికి, ధరావత్తుతో కలిపి 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతం వేలం ఖరారైన 15వ రోజుకి. కోర్టు వేలంలోనూ 25 శాతం అక్కడికక్కడే, మిగిలింది 15 రోజుల్లో. రెవెన్యూ రికవరీలో 15 శాతం వెంటనే, మిగతాది 30 రోజుల్లో. గడువు తప్పితే కట్టింది పోయే ప్రమాదం ఉంది. సర్ఫేసీలో 25 శాతం మొత్తం జప్తు చేయడాన్ని 2024లో సుప్రీంకోర్టు సమర్థించింది. పదిహేను రోజుల్లో ఏ బ్యాంకూ రైతుకి భూమి అప్పు మంజూరు చేయదు, పైగా స్వాధీనం లేని భూమి మీద. అయితే సర్ఫేసీ నిబంధన 9(4)లో ఒక వెసులుబాటు ఉంది: ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించొచ్చు. దాన్ని పాటకి ముందే అడగాలి. అమ్మేవాళ్ళు ప్రకటనలోనే "90 రోజుల గడువు ఇస్తాం" అని రాస్తే పాటకి వచ్చేవాళ్ళు పెరుగుతారు. బ్యాంకుకి వడ్డీ నష్టమంటారేమో, ఆలస్యానికి వడ్డీ వేసుకోమనండి.

ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులిప్పుడు బ్యాంక్‌నెట్ వెబ్‌సైట్లో కనిపిస్తున్నాయి, పాట ఆన్‌లైన్లో. గుంపు కట్టి బెదిరించడం దీనితో తగ్గింది, అది మంచిదే. కానీ ముందే రిజిస్టరై, కేవైసీ పూర్తిచేసి, ధరావత్తు జమ చేసి ఉండాలి. ఆఖరి రోజు మొదలుపెట్టినవాళ్ళు బయటే ఉండిపోతారు.

అప్పున్న రైతు చూసుకోవాల్సిన తలుపులు కూడా ఒక్కోచోట ఒక్కో సమయానికి మూసుకుంటాయి. సర్ఫేసీ డిమాండు నోటీసుకి గడువు 60 రోజులు. దానికి అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆస్తి అమ్ముతామని రైతుకి 30 రోజుల నోటీసు ఇవ్వాలి. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన ప్రచురించడంతోనే బాకీ కట్టి విడిపించుకునే హక్కు ముగుస్తుంది. పాట రోజు దాకా టైముందనుకుని డబ్బు పోగేస్తున్నవాళ్ళు ఇక్కడ మోసపోతారు. కోర్టు వేలంలో దీనికి తిరగేసి ఉంటుంది: పాట అయిపోయాక కూడా 60 రోజుల్లోగా బాకీతో పాటు, కొన్నవాడికి ధరలో 5 శాతం కలిపి జమ చేస్తే వేలం రద్దు చేయించుకోవచ్చు. కొనేవాడు కూడా ఈ 60 రోజులు లెక్కలో పెట్టుకుని, అప్పటిదాకా ఆ నేలలో పెట్టుబడి పెట్టకూడదు. బాకీ పోగా మిగిలిన సొమ్ము రైతుది. దాన్ని అడిగి తీసుకోవాలి, లెక్క కాగితం మీద ఇమ్మనాలి.

మొదట్లో చూపిన నమూనా ప్రకటనని ఇలా రాయొచ్చు. జాగా మరో అరచెయ్యంత పడుతుంది:

"సర్వే నం. 214లో 2 ఎకరాల 35 గుంటలు (2.875 ఎకరాలు), రెండు లాట్లు. లాటు 1: 1 ఎకరం 20 గుంటలు, ఉత్తరాన పుంతకి ఆనుకుని. లాటు 2: 1 ఎకరం 15 గుంటలు, లాటు 1 తూర్పు గట్టు వెంట 12 అడుగుల బాట కలదు, అది లాటు 1 విస్తీర్ణంలోనిదే. సబ్‌డివిజన్ కాలేదు, టిప్పన్ నకలు, లాట్ల ప్లాను జతపరచడమైనది. బోరు లాటు 1లో ఉంది, నీటి వంతు రోజు మార్చి రోజు, సర్వీసు పాత యజమాని పేరున. పట్టా భూమి, నిషేధిత జాబితాలో లేదు. భౌతిక స్వాధీనం తీసుకోవడమైనది. ప్రస్తుతం మొక్కజొన్న ఉంది, పంట కౌలుదారుది, కోత అయ్యాక అప్పగింత. దావాలు: ఒకటి, పొరుగు గట్టు హద్దుపై, స్టే లేదు. లాటు 1 ధరతో బాకీ తీరితే లాటు 2 వేలం వేయబడదు. మిగతా 75 శాతానికి, రాతపూర్వకంగా కోరినవారికి, 90 రోజుల దాకా గడువు. పొలం చూపించే రోజులు: ప్రతి శనివారం ఉదయం 8 నుంచి 11 దాకా, సర్వే రాళ్ళ దగ్గర."